రాతే కదా, ఓ అరగంటలో రాసిచ్చెయ్!

"ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా!"

ఈ మాట రెండేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు గానీ, విన్న ప్రతిసారీ ఒళ్లు మండేది. 2021లో ఉద్యోగం వదిలేసి ఇంట్లోంచే ఫ్రీలాన్స్ రాతపని మొదలెట్టాను. టెక్నికల్ డాక్యుమెంట్లు, కంపెనీల వెబ్‌సైట్లకి వ్యాసాలు, అప్పుడప్పుడూ తెలుగు అనువాదాలు. 2023లో మళ్లీ బుద్ధిగా ఉద్యోగంలో చేరిపోయాను. ఓడిపోయి వచ్చావా అంటే, అవును, ఓడిపోయే వచ్చాను. ఇప్పుడు ఇదంతా రాస్తున్నది ఏడవడానికి కాదు, తిట్టడానికి. ఎవర్నంటే మనల్నే, సాఫ్ట్‌వేరు జనాల్ని.

మొన్నామధ్య ఓ పాత కొలీగు ఫోన్ చేశాడు. సొంతంగా స్టార్టప్ పెట్టాడట. "బాస్, వెబ్‌సైట్‌కి ఓ నాలుగు పేజీలు రాసిపెట్టవా? రాతే కదా, నీకు అరగంట పని" అన్నాడు. మరి సైటు ఎవరు చేస్తున్నారు అనడిగా. ఎవరో కుర్రాడట, అడ్వాన్సు 30 శాతం ఇచ్చాడట, మిగతాది మైల్‌స్టోన్ల వారీగా. లోగోకి డబ్బులు, హోస్టింగుకి డబ్బులు, ఆఫీసులో టీ ఇచ్చే అబ్బాయికి నెలనెలా డబ్బులు. (ఇవ్వాల్సిందే, తప్పేం లేదు.) కానీ ఆ సైటుకొచ్చిన జనం చదివేది మాత్రం ఊరికే కావాలి!

ఎందుకిలా అంటే నాకు తోచిన కారణం ఒకటే. కోడు రాయడం అందరికీ రాదు కాబట్టి అది పని. అక్షరాలు రాయడం ఐదో ఏట నుంచే అందరికీ వచ్చు కాబట్టి అది పని కాదు. నడవడం అందరికీ వచ్చు కదా అని పోస్ట్‌మేన్‌కి జీతం ఎగ్గొడతామా?

సరే, ఆ అరగంట లెక్కేమిటో చూద్దాం. ఓ పేమెంట్ గేట్‌వే ఏపీఐ మీద వెయ్యి మాటల వ్యాసం అనుకోండి. ముందు వాళ్ల డాక్యుమెంటేషన్ చదవాలి. అది తప్పులతడకగా ఉంటుంది (రాసింది మనమేగా), కాబట్టి శాండ్‌బాక్సులో ఒక్కో కాల్ కొట్టి చూసుకోవాలి. వాళ్ల ఇంజినీరుని పట్టుకుని అనుమానాలు తీర్చుకోవాలి. ఆయనకేమో మీటింగుల మీద మీటింగులు. తర్వాత రాయడం, కొట్టెయ్యడం, మళ్లీ రాయడం. నాకైతే రెండు రోజులు పట్టేది. మాటకి రూపాయి ఇస్తామనేవాళ్లే ఎక్కువ. నెలకి 22 పనిరోజులు, 11 వ్యాసాలు, 11 వేలు. మాటకి మూడు రూపాయలిచ్చే పుణ్యాత్ములు దొరికితే 33 వేలు. అదీ పదకొండూ సందు లేకుండా దొరికితేనే. పీఎఫ్ లేదు, గ్రూప్ ఇన్సూరెన్స్ లేదు, జ్వరమొస్తే సిక్ లీవు లేదు. హోమ్ లోనుకి వెళ్తే ముందు జీతం స్లిప్పులు చూపించమంటారు.

అన్నట్టు, ఈ మాటకింత అనే లెక్క అసలు తెలుగుకి పనికిరాదు. 'రాయలేకపోతున్నాను' అన్నది మనకి ఒక్క మాట. అదే ఇంగ్లీషులో 'ఐ యామ్ నాట్ ఏబుల్ టు రైట్' అని ఆరు మాటలు. ఒకే భావానికి అక్కడ ఆరు రూపాయలు, ఇక్కడ ఒక్కటి! ఇంగ్లీషు నుంచి అనువాదం చేసేటప్పుడు మూలంలో ఉన్న మాటలు లెక్కపెట్టండి బాబూ అని పోట్లాడితే కొందరు ఒప్పుకున్నారు. చాలామందికి నేనేం అడుగుతున్నానో కూడా అర్థం కాలేదు.

ఇక 'ఇంట్లోనే ఉంటున్నావుగా' సంగతి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మనందరం డైనింగ్ టేబుళ్ల మీద లాప్‌టాపులు పెట్టుకుని కూచున్నాం. అప్పుడు మేనేజరు వచ్చి "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావు కదా, సగం జీతం తీసుకో" అనుంటే ఊరుకునేవాళ్లమా? మళ్లీ ఆఫీసుకి రమ్మంటే ఇంట్లోంచే పని ఎక్కువ జరుగుతోందని వాదించలేదూ? మనం ఇంట్లో కూచుంటే వర్క్ ఫ్రం హోమ్. రాసేవాడు కూచుంటే ఖాళీ. ఇదెక్కడి న్యాయం!

ఇంతవరకూ నేనేదో ధర్మరాజునన్నట్టు మాట్లాడాను కదా. ఇప్పుడు అసలు సంగతి.

2018లో నేనొక కంపెనీలో టీమ్ లీడుని. మా ప్రోడక్టుకి యూజర్ మాన్యువల్ రాయడానికి ఓ ఫ్రీలాన్స్ రైటర్‌ని పెట్టుకున్నాం. విజయవాడలో ఇంట్లోంచే పనిచేసేవారావిడ. చెప్పిన రోజుకి రాసిచ్చారు, బాగా రాసిచ్చారు. ఇన్వాయిస్ నా అప్రూవల్‌కి వచ్చింది. నేను చెయ్యాల్సింది ఒక బటన్ నొక్కడం. నాలుగు నెలలు నొక్కలేదు. శత్రుత్వమేం లేదు, డబ్బులు లేకా కాదు. రిలీజులు, ఎస్కలేషన్లు, ఏదో ఒకటి. ఆవిడ మెయిళ్లు పంపుతూనే ఉన్నారు. "సర్, మీరు బిజీగా ఉంటారని తెలుసు. వీలైతే ఈ వారం ఒకసారి చూడగలరా?" ఒక్కదానికీ జవాబివ్వలేదు. చివరికి ఫైనాన్స్ వాళ్లు క్వార్టర్ ముగుస్తోందని గొడవ చేస్తే నొక్కాను.

2022లో ఒక రాత్రి, మూడు నెలలుగా రాని నా డబ్బుల కోసం ఒక క్లయింటుకి మెయిల్ కొడుతున్నాను. "సర్, మీరు బిజీగా ఉంటారని తెలుసు. వీలైతే ఈ వారం..." అని టైప్ చేశాక చెయ్యి ఆగిపోయింది. అవే మాటలు! అవతల కూచున్నవాడు ఎందుకు జవాబివ్వడం లేదో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అందుకే చెప్తున్నా, రాసేవాళ్ల డబ్బులు ఆగేది దుర్మార్గుల వల్ల మాత్రమే కాదు. నాలాంటి 'మంచివాళ్ల' వల్ల కూడా.

మనలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. 2006 ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ప్రకారం, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పుకున్న గడువులో డబ్బివ్వాలి. కాగితం మీద 90 రోజులని రాసుకున్నా సరే, చట్టం ఒప్పుకునేది 45 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇంట్లో కూచుని సేవలమ్మే ఒంటరి మనిషి కూడా రిజిస్టర్ చేసుకోవచ్చు. 2023 ఫైనాన్స్ చట్టం ఇంకో మెలిక పెట్టింది. గడువు దాటిన ఆ బాకీని చెల్లించేదాకా ఖర్చు కింద చూపించుకోవడం కుదరదు. మా ఫైనాన్స్ వాళ్లకి ఇది అప్పుడుంటే నన్ను అన్నాళ్లు కూచోనిచ్చేవాళ్లు కాదు.

అలాగే కాపీరైటు. మనం ఉద్యోగంలో భాగంగా రాసిన కోడు మామూలుగా కంపెనీదే. ఫ్రీలాన్సర్ రాసిన వ్యాసం అలా కాదు. వేరే ఒప్పందం లేకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది రాసినవాళ్లదే. హక్కులు రాసివ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలి. ఎన్నాళ్లకో అందులో చెప్పకపోతే ఐదేళ్లే. డబ్బులివ్వకుండా, కాగితం లేకుండా "మేం చెప్తే రాశావు కాబట్టి మాదే" అంటే చెల్లదు.

ఇక మామూలుగా వచ్చే వాదనలు.

"ఇప్పుడు చాట్‌జీపీటీ ఉందిగా?" ఉంది, 2022 నవంబరు నుంచీ ఉంది. నాకొచ్చే పని తగ్గడానికి అదీ ఒక కారణమే. దాంతో మీ పని జరిగిపోతుంటే హాయిగా వాడుకోండి. మరి నాకెందుకు ఫోన్ చేశారు? అది రాసింది నిజమో కాదో చూసి, సరిచేసే మనిషి కావాలనేగా? ఆ చూడ్డానికే డబ్బులు.

"నిన్నెవడు ఉద్యోగం మానెయ్యమన్నాడు?" ఎవరూ అనలేదు. మీ వీధి చివర ఇడ్లీబండి పెట్టమని ఆయనకీ ఎవరూ చెప్పలేదు. తిని డబ్బులివ్వకుండా వెళ్లిపోతున్నారా?

"బడ్జెట్ లేదు." అయితే ఆర్డరివ్వకండి. అంతే.

ఇంకో జాతి ఉంది. ఉద్యోగం మానేసి రాసుకుంటూ ఇంట్లోంచే నెలకి లక్షలు సంపాదించమని కోర్సులమ్మేవాళ్లు. బాబూ, వాళ్ల లక్షలు రాత మీద వచ్చినవా, కోర్సు మీద వచ్చినవా అని ఒక్కసారి అడగండి. ఏడాది ఖర్చులకి సరిపడా డబ్బు బ్యాంకులో లేకుండా రాజీనామా పెట్టకండి. దూరపు కొండలు నునుపు.

రాసేవాళ్లకి సన్మానాలక్కర్లేదు, శాలువాలు అంతకన్నా అక్కర్లేదు. కోడు రాసే కుర్రాడికి ఇచ్చినట్టే అడ్వాన్సివ్వండి. ఎన్నిసార్లు మార్పులు అడుగుతారో ముందే చెప్పండి. గడువు వాళ్లకి పెట్టినట్టే మీకూ పెట్టుకోండి. డబ్బు ఆలస్యమైతే కనీసం ఒక లైను జవాబివ్వండి.

ఆ విజయవాడ ఆవిడకి క్షమాపణ చెప్దామంటే ఇప్పుడు వీల్లేదు. మెయిల్ అడ్రసు పాత కంపెనీ ఇన్‌బాక్సులోనే పోయింది. నాకు చేతనైంది ఇదొక్కటే. మీ ఇన్‌బాక్సులో అప్రూవల్ కోసం పడి ఉన్న ఇన్వాయిస్ ఏదన్నా ఉందేమో చూడండి. ఉంటే ముందు ఆ బటన్ నొక్కి రండి. నా మీద కోపముంటే తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం.