రోగికి చెప్పని మాట – ఈ మధ్య చదివిన నాలుగు పుస్తకాలు

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. ప్రాక్టీసు ఉన్న రోజులలో వైద్య పత్రికలు తప్ప మరొకటి చదివే తీరిక చిక్కేది కాదు. పదవీ విరమణ తరువాత మధ్యాహ్నాలు పెద్దవయ్యాయి కనుక చేతికందిన పుస్తకమల్లా చదువుతున్నాను. గత వేసవి నుండి చదివిన వాటిలో రెండు నవలలు, రెండు యథార్థ గాథలు మనసులో నిలిచిపోయాయి. ఒక వరుస అనుకొని చదివినవి కావు. అయినా నాలుగింటిలోనూ ఒకే ప్రశ్న నాకు ఎదురుపడింది. చావు దగ్గరపడిన మనిషికి ఆ సంగతి చెప్పాలా, వద్దా?

మొదటిది టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’. నూరు పుటలకు మించని చిన్న నవల. ఇవాన్ ఇల్యీచ్ న్యాయాధికారి. కొత్త ఇంట్లో తెరలు కట్టించే వేళ నిచ్చెన మీద నుండి జారి పక్క ఎముకల దగ్గర చిన్న దెబ్బ తగిలించుకుంటాడు. కొన్నాళ్ళకు నోటిలో ఏదో వింత రుచి, ఎడమ పక్కన బరువు, ఆ తరువాత నొప్పి. వైద్యుని వద్దకు వెళతాడు. ఆయనేమో జబ్బు మూత్రపిండానిదా, పేగుదా అని తర్కించడంలో మునిగిపోతాడు. రోగికి కావలసింది ఒక్కటే: నా పరిస్థితి ప్రమాదకరమా, కాదా? ఆ ప్రశ్నను వైద్యుడు అనవసర ప్రసంగంగా పక్కకు తోసేస్తాడు. తాను కోర్టులో ముద్దాయిల ఎదుట ఏ ముఖం పెట్టుకొని కూర్చునేవాడో, అదే ముఖం ఇప్పుడు వైద్యునిలో ఇవాన్ ఇల్యీచ్‌కు కనిపిస్తుంది. ఈ పుట చదివి పుస్తకం కాసేపు మూసి పెట్టాను. అటువంటి ముఖం నేనూ చాలాసార్లు పెట్టుకున్నాను.

ఇవాన్ ఇల్యీచ్‌ను నొప్పి కంటె ఎక్కువగా బాధించినది అబద్ధం. ఆయన చనిపోతున్నాడని ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా అందరూ ఇది మందులతో తగ్గిపోయే జబ్బే అన్నట్లు నటిస్తారు, ఆయన చేత కూడా నటింపజేస్తారు. గెరాసిం అనే పల్లెటూరి పనివాడు ఒక్కడే నటించడు. యజమాని కాళ్ళు తన భుజాల మీద పెట్టుకొని రాత్రంతా కూర్చుంటాడు. వైద్యశాస్త్రం చదవని రచయిత ఈ సంగతి ఇంత నిక్కచ్చిగా ఎలా పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మేము చదువుకున్న పాఠ్యపుస్తకాలలో కణితుల వర్ణన పుటల కొద్దీ ఉండేది. ఈ నటన గురించి ఒక్క వాక్యం కూడా ఉన్నట్లు గుర్తు లేదు.

ముప్పయ్యేళ్ళ క్రితం మాట. ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి జీర్ణాశయ క్యాన్సరు కాలేయానికి పాకింది. ఆయన కుమారులిద్దరూ గది బయటే నన్ను ఆపి, “నాన్నగారికి చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు” అన్నారు. నేను సరేనన్నాను. ఆయనకు అల్సరు అని చెప్పాను. రాజమండ్రిలో ఉన్న అక్కగారిని చూడాలని ఉందని ఆయన రెండుమూడు సార్లు అడిగారు. “తగ్గాక వెళుదురుగాని మాస్టారూ” అన్నాను. తగ్గదని నాకు తెలుసు. చివరి వారంలో ఒకనాడు నేను నాడి చూస్తుండగా ఆయన మెల్లగా అన్నారు: “అల్సరు రోగి చేత పొలం కాగితాల మీద సంతకాలు పెట్టించుకోరు కదండీ?” నేను జవాబు చెప్పలేదు. ఆయన కూడా మరి అడగలేదు. అక్కగారు అంత్యక్రియలకు వచ్చారు.

ఆ రోజు నేను చేసినది దయ అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

అయితే నిజం చెప్పడం కూడా అంత తేలిక కాదని తారాశంకర్ బందోపాధ్యాయ వ్రాసిన బెంగాలీ నవల ‘ఆరోగ్య నికేతన్’ చూపిస్తుంది. 1956లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన నవల ఇది. ఇందులో జీవన్ మశాయ్ తరతరాల వైద్య వంశంలో పుట్టినవాడు. నాడి పట్టుకొని మృత్యువు అడుగుల చప్పుడు వినగల దిట్ట. పెద్దవయసు రోగులకు నిర్మొహమాటంగా చెబుతాడు, తీర్చుకోవలసినవి తీర్చుకోమంటాడు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు వైద్యునికి ఇది శుద్ధ క్రూరత్వంగా తోస్తుంది. నవలలోని ఘర్షణ ఇదే. మశాయ్ తన కన్నకొడుకు చావును కూడా నాడిలోనే ముందుగా చదువుతాడు. ఆ సంగతిని ఆయన భార్య జీవితాంతం క్షమించలేకపోతుంది. ఇంట్లో ఆమె వేసే ఒక్కొక్క మాట చురకలా తగులుతుంది.

నవల గొప్పది, కాస్త దీర్ఘం. కాని వైద్యునిగా నాకు ఒక అభ్యంతరం ఉంది. మశాయ్‌కు ఉన్నంత నిశ్చయం ఏ వైద్యునికీ ఉండదు, ఉండకూడదు కూడా. నాడి పట్టి మృత్యువును గుర్తించగలమని నమ్మి ఎవరూ పరీక్షలు మానుకోకండి. చెప్పాలన్న ఆయన ధైర్యం నాకు నచ్చింది, గడువు పెట్టడం నచ్చలేదు.

గడువు అడిగితే ఏం చెప్పాలి? దీనికి మూడవ పుస్తకంలో ఒక సమాధానం దొరికింది. భారత సంతతికి చెందిన అమెరికన్ న్యూరోసర్జన్ పాల్ కళానిధి స్వయంగా వ్రాసుకున్న ‘వెన్ బ్రెత్ బికమ్స్ ఎయిర్’. వెన్నునొప్పి, బరువు తగ్గడం మొదలైనప్పుడు ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. కొన్ని నెలలకు, 2013లో, ఊపిరితిత్తుల క్యాన్సరు బాగా వ్యాపించినట్లు తేలింది. అప్పటికి ఆయనకు 36 ఏళ్ళు. (కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నప్పుడు ఒక్క ఎక్స్‌రేతో తృప్తి పడవద్దని ఇక్కడ ఎన్నిసార్లు వ్రాశానో! వైద్యులే ఆ పొరపాటు చేస్తే ఇక చెప్పేదేముంది.) తానెన్నాళ్ళు బ్రతుకుతానో లెక్కలు చెప్పమని ఆయన తన క్యాన్సరు వైద్యురాలిని అడుగుతాడు. ఆమె ఆ లెక్కలు చెప్పదు. జబ్బును దాచదు, నెలల సంఖ్య మాత్రం ఇవ్వదు. మీకు ఏది ముఖ్యమో ముందు తేల్చుకోండి, దానికి తగినట్లు మందు ఎంచుకుందాం అంటుంది. ఆయన మళ్ళీ శస్త్రచికిత్సలు చేశాడు, తండ్రి అయ్యాడు. 2015 మార్చిలో మరణించాడు, అప్పటికి పాపకు ఎనిమిది నెలలు. పుస్తకం 2016లో వెలువడింది. చివరి భాగం ఆయన భార్య వ్రాసి పూర్తిచేసింది. మొదటి సగంలో సాహిత్య ప్రస్తావనలు మోతాదు మించినట్లు నాకనిపించింది. భార్య వ్రాసిన ఆ కొద్ది పుటలలో మాత్రం అలంకారం లేదు, అవే నా చేత కంటతడి పెట్టించాయి.

నాలుగవది సర్జన్ అతుల్ గవాండే 2014లో వ్రాసిన ‘బీయింగ్ మోర్టల్’. మొదలు పెట్టగానే ఇవాన్ ఇల్యీచ్ ప్రస్తావన కనబడి, పాత మిత్రుడు కలిసినట్లయింది. గవాండే తండ్రిగారూ సర్జనే. ఆయనకు మెడ భాగంలో వెన్నుపాములో కణితి వచ్చింది. ఒక సర్జన్ వెంటనే ఆపరేషన్ అన్నాడు. మరొకాయన, మీకు దేని గురించి భయమని ముందు అడిగి, విని, కొంతకాలం ఆగవచ్చునన్నాడు. తండ్రిగారు రెండవ ఆయననే ఎంచుకుని కొన్నేళ్ళు తనకిష్టమైన రీతిలో గడిపారు. ఇందులోనే ఒక వృద్ధ ప్రొఫెసర్ గారుంటారు. ఆపరేషన్ ముందు కూతురు అడిగితే, చాక్లెట్ ఐస్‌క్రీమ్ తింటూ టీవీలో ఫుట్‌బాల్ చూడగలిగితే చాలు, అప్పటిదాకా బ్రతకడానికి ఎంత బాధైనా పడతానంటాడు. ఆపరేషన్ వికటించినప్పుడు, మళ్ళీ కోయాలా వద్దా అన్న నిర్ణయం కూతురు ఆ ఒక్క మాట ఆధారంగానే తీసుకోగలిగింది.

నిజం తెలిస్తే రోగి కుంగి ముందే పోతాడని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్న 151 మందిపై అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు చికిత్సతో పాటు ఉపశమన వైద్యులు కూడా మొదటి నుండి కూర్చుని మాట్లాడిన రోగులు తక్కిన వారికంటె ఎక్కువ కాలం బ్రతికారు, మధ్యగత విలువలు 11.6 నెలలు, 8.9 నెలలు. కుంగుబాటు కూడా వారిలోనే తక్కువ. మన దేశంలో మార్ఫిన్ నియమాలను 2014లో చట్టసవరణ ద్వారా కొంత సడలించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స లభిస్తుంది. అక్కడిదాకా వెళ్ళాలంటే మాత్రం జబ్బు పేరు ఇంట్లో పైకి పలకాలి.

గవాండే పుస్తకాన్ని మా వీధిలోని ఒక పెద్దమనిషికి చదవమని ఇచ్చాను. నాలుగు రోజుల తరువాత పుస్తకంతో పాటు ఒక ఫైలు కూడా తెచ్చారు. “మా ఆవిడ రిపోర్టులండీ. ఆవిడకు తెలియకుండా తెచ్చాను, ఒకసారి చూస్తారా?” అన్నారు. ఫైలు తెరవకుండానే తిరిగి ఆయన చేతిలో పెట్టి, రేపు ఉదయం ఇద్దరూ కలిసి రమ్మన్నాను.