సీసా వెనుక పత్రిక



తలనొప్పి వచ్చినపుడు మనము వెదకికొను అమృతాంజనపు సీసా వెనుక నొక పత్రిక కథ గలదు. కృష్ణామండలమందలి ఎలకుర్రు గ్రామమున 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయి చేరి, 1893లో ఆ యౌషధపు వ్యాపారమును నెలకొల్పిరి. వచ్చిన ధనమును దాచుకొనక, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో చెన్నపట్టణమున అది దినపత్రిక యయ్యెను. 1924లో సాహిత్యమునకై భారతి వెలసెను. ఉప్పు సత్యాగ్రహమున వారు చెరసాలకును వెళ్లిరి. 1938లో వారు గతించిరి. ఆంధ్రపత్రికయు 1991లో ఆగిపోయినది. సీసా మాత్రము మిగిలినది.

ఆర్జించుట యొక నేర్పు. దానిని పదుగురి జ్ఞానమునకు వెచ్చించుట వేరొక నేర్పు. బడిపంతులు జీతమే యైనను, ఈ నెలనుండి మా యింటి పద్దులలో ఉప్పు పప్పుల సరసను పుస్తకముల పద్దొకటి చేర్చితిని. మీరును చేర్తురా?