జంట నాటకాలు

ఎంత పేరు పొందిన నాటకమైనా నేడు ఒకటి రెండు ప్రదర్శనలతో అటకెక్కుతున్నది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో మేలైన నాటకాలను జంటలుగా, వరుస సాయంత్రాలలో తిరిగి ఆడించుట యుక్తము. జత కుదర్చడంలోనే ఉన్నది నేర్పు.

ధర్మవరంలో జన్మించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912), కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) బళ్ళారిలో సరసవినోదిని, సుమనోరమ సభలతో పోటీపడినవారు. మొదటివారి ‘విషాద సారంగధర’ ఒకనాడు, రెండవవారి ‘రామరాజు చరిత్ర’ మరునాడు చూచిన విద్యార్థికి ఇంటి విషాదమేదో, రాజ్య విషాదమేదో ఉపన్యాసం లేకయే బోధపడును. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరం రాజధాని చేరినది పెనుకొండకే గదా! ఆ కోట నీడలో ఆ నాటకం ఆడకుండుట వట్టి సోమరితనం. నిడివి ఎక్కువను ఆక్షేపణ న్యాయమే. పద్యాలను కొంత, రాగాలను మరికొంత తగ్గించవచ్చును. ఖర్చు మాటా? రెండు రాత్రులకూ పందిరి ఒక్కటే, దీపాలూ అవే.