మెడ మీది నలుపు మురికి కాదు

మన ఇళ్ళలో చాలామంది తల్లులు ఎదిగే కూతురి మెడను స్నానం వేళ కాస్త గట్టిగానే రుద్దుతారు. మెడ వెనుక ముడతల్లో చర్మం నల్లబడి, మందమై, తాకితే మఖ్మల్ గుడ్డలా ఉంటుంది. శనగపిండి, పసుపు, నిమ్మచెక్క, చివరకు గిన్నెలు తోమే పీచు కూడా ఆ మెడ మీద ప్రయోగమవుతాయి. ‘శుభ్రంగా స్నానం చేయడం ఎప్పుడు నేర్చుకుంటావు?’ అన్న మాట పిల్ల చెవిన పడుతూనే ఉంటుంది. ఆ నలుపు రుద్దితే పోయేది కాదు. ఒంట్లో ఇన్సులిన్ తన పని తాను సరిగా చేయలేకపోతున్నదని చర్మం చాలాసార్లు ఇలా ముందుగానే చెబుతుంది. అదే పిల్లకు నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ ఉంటుంది. గడ్డం కింద బిరుసు వెంట్రుకలు మొలుస్తాయి. మొటిమలు ఎంతకీ తగ్గవు. వీటన్నిటినీ ఆ మెడతో కలిపి చూసే వారు ఇంట్లో ఉండరు. చూడవలసినది మనమే. మనం చూడలేదు.

డాక్టర్లు దీన్ని పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అంటారు. మన వీధుల్లో పీసీఓడీ అన్న పేరే ఎక్కువ వాడుకలో ఉంది. 1935లో షికాగో నగరానికి చెందిన స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు స్త్రీవైద్య నిపుణులు దీన్ని వివరించిన నాటి నుండి అండాశయం మీదనే అందరి దృష్టీ నిలిచిపోయింది. స్కానింగ్ కాగితంలో ‘సిస్టులు’ అన్న మాట చూడగానే మన తల్లులు గడ్డలనుకుని వణికిపోతారు. నిజానికి అవి గడ్డలు కావు, పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండపుటికలు. కోసి తీసివేయవలసిన అవసరమూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతానం పొందగల వయసులోని స్త్రీలలో 10 నుండి 13 శాతం మందికి ఈ సమస్య ఉంది. వారిలో 70 శాతం వరకు తమకది ఉన్న సంగతే తెలియదు. మన మొహల్లాలో ఒక్కో గల్లీకి ఎంతమంది అవుతారో లెక్క వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. రజస్వల అయిన మొదటి ఏడాది నెలసరి తేదీలు అటూ ఇటూ కావడం సహజమే. దానికి కంగారు పడనక్కరలేదు. మూడేళ్ళు దాటిన తర్వాత కూడా 35 రోజులకు మించి జాప్యం జరుగుతూ ఉంటే, లేదా ఆ మొదటి ఏడాది గడిచాక ఎప్పుడైనా సరే 90 రోజులు రాకుండా ఉంటే డాక్టరుకు చూపించాలి. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రజస్వల అయిన ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు స్కానింగ్ ఆధారంగా ఈ రోగం నిర్ధారించకూడదు. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లల అండాశయాలు కూడా స్కానింగ్‌లో అలాగే కనిపించవచ్చు. పదిహేనేళ్ళ పిల్లను నెలనెలా స్కానింగ్‌కు పంపే చోట ఎందుకని అడిగే హక్కు మనకు ఉంది. ఆ డబ్బుతో షుగర్ పరీక్ష, రక్తపోటు, థైరాయిడ్ చూపించుకోవడం మేలు.

వైద్యం ఆలస్యం కావడానికి డబ్బు లేకపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం రిష్తా. ‘భాభీ, ఈ ఫైలు ఎవరి కంటా పడనివ్వకండి’ అని ఫూఫీ హెచ్చరిస్తుంది. కాగితాలు అల్మారాలో పెళ్ళి బట్టల అడుగుకు చేరతాయి. ధైర్యం చేసి డాక్టరు దగ్గరికి వెళితే అక్కడా అదే ధోరణి ఎదురవుతుంది. ‘పెళ్ళైతే అన్నీ సర్దుకుంటాయమ్మా, పిల్లలు కావాలనుకున్నప్పుడు రండి’ అన్న మాట విని తిరిగి వచ్చిన తల్లీకూతుళ్ళను మేము ఎందరినో చూశాము. ఇరవై ఏళ్ళ పిల్ల తన ఒంట్లోని బాధ చెప్పుకుంటే, ఇంకా ముఖమైనా చూడని భర్త కోసం, ఇంకా పుట్టని బిడ్డ కోసం ఆగమని చెప్పడం ఏ వైద్యశాస్త్రం? నిఖా మనకు గౌరవనీయమైన ఒప్పందం. అది హార్మోన్ల మందు కాదు.

ఆ నిఖా జరిగి ఏడాది తిరగకముందే అల్మారా అడుగున ఉన్న ఫైలు పైకి వస్తుంది. ‘దాచి చేశారు’ అన్న నింద పిల్ల మీద పడుతుంది. కొన్ని ఇళ్ళలో రెండో పెళ్ళి మాట కూడా వినిపిస్తుంది. ఈ రభసలో అబ్బాయికి వీర్య పరీక్ష చేయించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. సంతానం కలగకపోతే ఇద్దరినీ పరీక్షించాలన్నది వైద్యంలో మొదటి పాఠం. ఈ సమస్య ఉన్న స్త్రీలలో ఎక్కువమంది తల్లులు అవుతారు. కొందరికి మందు అవసరమే లేదు. కొందరికి అండం విడుదలకు లెట్రోజోల్ వంటి మాత్రలు డాక్టర్లు ముందుగా ఇస్తారు. ఈ నాలుగు మాటలు పెళ్ళికి ముందే రెండు వైపుల పెద్దలకూ తెలిసి ఉంటే ఎన్ని కాపురాలు నిలిచేవో! బిడ్డ పుట్టినంత మాత్రాన ఆ తల్లికి సమస్య తీరిపోదన్నది కూడా మనం గ్రహించాలి. షుగర్, అధిక రక్తపోటు, నిద్రలో ఊపిరి అడ్డుపడడం, ఏళ్ళ తరబడి నెలసరి రాని వారిలో గర్భాశయ లోపలి పొర మందమై క్యాన్సర్ దాకా వెళ్ళే ముప్పు ఆమెను నలభై, యాభై ఏళ్ళలోనూ వెన్నంటి ఉంటాయి. రిష్తా కుదిరిందా, కడుపు పండిందా అన్న రెండు ప్రశ్నలతో మన ఆరా ఆగిపోతుంది.

మందుల విషయంలో మన ఇళ్ళలో జరిగే ఒక సంగతి చెప్పాలి. నెలసరి క్రమబద్ధం కావడానికి డాక్టరు ఒక మాత్రల అట్ట రాసి ఇస్తారు. మెడికల్ షాపులో ఎవరో ‘ఇవి ఫ్యామిలీ ప్లానింగ్ మాత్రలు కదా’ అంటారు. పెళ్ళికాని కూతురికి ఈ మాత్రలేమిటని తల్లి గుండె గుభేలుమంటుంది. అట్ట చెత్తబుట్టలో పడుతుంది. మళ్ళీ ఆ డాక్టరు గడప తొక్కరు. ఆ మాత్రల్లో ఉన్నది హార్మోన్లే. గర్భాశయ పొర నెలనెలా రాలిపోయేలా చేయడం, మగ హార్మోన్ల జోరు తగ్గించి మొటిమలను, వెంట్రుకలను అదుపు చేయడం వాటి పని. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన వారికి, కొన్ని రకాల మైగ్రేన్ ఉన్నవారికి అవి సరిపడవు. కనుక డాక్టరు రాయకుండా కొనకూడదు. తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ సంగతులు విడమరచి చెప్పడానికి డాక్టరుకు అయిదు నిమిషాలు చాలు. తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ఉర్దూ రెండో అధికార భాషగా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి గోడ మీద ఈ మాటలు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇన్సులిన్ కోసం ఇచ్చే మెట్‌ఫార్మిన్ చవకైన మందే. జన్ ఔషధి దుకాణాల్లో ఇంకా తక్కువ ధరకు దొరుకుతుంది. మొదట్లో కడుపులో తిప్పినట్లు, విరేచనాలైనట్లు ఉంటే భయపడి మానేయకుండా, అన్నం తిన్న తర్వాత తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని డాక్టరును అడగవచ్చు. కలౌంజీ, మెంతులు, దాల్చిన చెక్క వాడేవారిని మేము తప్పుపట్టము. డాక్టరుకు ఆ సంగతి చెప్పి వాడండి. వాటిని నమ్ముకుని అసలు మందు మానకండి.

‘వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలి, అన్నం తగ్గించాలి, వేళకు నిద్రపోవాలి’ అని డాక్టరు రాస్తారు. మంచి సలహాయే. ఎక్కడ నడవాలి? మన పాత బస్తీల గల్లీల్లో రెండు మోటారు సైకిళ్ళు ఎదురైతే మనిషి గోడకు అతుక్కుని నిలబడాలి. పిల్లలు చదివే ప్రైవేటు బడులు అద్దె ఇళ్ళ మేడల మీద ఉంటాయి. వాటికి ఆటస్థలం ఉండదు. దూరాన ఒక పార్కు ఉన్నా ఫజర్ తర్వాత ఒంటరిగా ఆడపిల్లను పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. పంపినా వెకిలి మాటలు తప్పవు. పగలంతా మగ్గం ముందు కూర్చుని జర్దోజీ కుట్టే అమ్మాయికి, లక్క గాజులు చేసే అమ్మాయికి, నిజామాబాదు పక్కన బీడీలు చుట్టే అమ్మాయికి ‘ఒళ్ళు కదిలించు’ అని చెప్పి పంపడం ఎంత తేలిక! కదిలితే ఆ పూట కూలి తగ్గుతుంది. మునిసిపాలిటీ వారు పార్కుల్లో రోజూ కొన్ని గంటలు స్త్రీలకే కేటాయించాలి. షాదీఖానాలు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. ఆ హాళ్ళలో సాయంత్రం ఒక గంట ఆడపిల్లలను ఆడుకోనివ్వడానికి కమిటీ పెద్దలకు ఖర్చేమీ కాదు. ఇంటి మేడ మీద తాడాటకైతే ఎవరి అనుమతీ అక్కరలేదు.

తిండి మాట ఇంకా చిత్రం. కొన్ని క్లినిక్కుల్లో ఇచ్చే కాగితంలో ఓట్స్, ఆలివ్ నూనె, అవకాడో ఉంటాయి. ఏ కిరాణా కొట్టులో కొనాలి? మనది మాంసం తినే ఇల్లే. అయినా మనం ఒప్పుకోని నిజం ఒకటుంది. దస్తర్‌ఖాన్ మీద ముక్కలు ముందు మగవారి పళ్ళెంలోకి వెళతాయి. ఆడపిల్ల చివరలో కూర్చుని అడుగున మిగిలిన షోర్వా కలుపుకుని రెండింతల అన్నం తింటుంది. ఆ మీదట చక్కెర నిండిన చాయ్, రెండు బిస్కెట్లు. ఆమె ఒంటికి కావలసిన మాంసకృత్తులు ఆ పళ్ళెంలో లేవు, తగ్గించవలసిన పిండిపదార్థమే ఉంది. ఆమెకు ఒక గుడ్డు, గరిటెడు ఖట్టీ దాల్ గట్టిగా, పాలకూర, రెండు ముక్కలు ముందే తీసి పెట్టండి. అన్నం అప్పుడు తనంతట తగ్గుతుంది. తెలంగాణ, రాయలసీమ ఇళ్ళకు జొన్న రొట్టె కొత్త కాదు. సన్నగా ఉన్న పిల్లలకు కూడా ఈ సమస్య వస్తుంది కనుక లావును చూసి ఎగతాళి చేసే ఖాలాలు కాస్త నోరు కట్టుకోవాలి. ఈ స్త్రీలలో దిగులు, ఆందోళన ఎక్కువని, వాటిని కూడా అడిగి తెలుసుకోవాలని డాక్టర్లకు మార్గదర్శకాలే చెబుతున్నాయి. వలీమాలో నలుగురి ముందు ‘గడ్డం వచ్చిందేమిటే?’ అని విన్న పిల్ల ఆ రాత్రి అన్నం మానేస్తుంది. నెల రోజుల పాటు ఇల్లు కదలదు.

రమజాన్ వస్తే ఇంకో చిక్కు. ఒక నెల రాని రక్తస్రావం, వచ్చాక మూడు వారాలు ఆగదు. నమాజు చేయాలా, రోజా ఉండాలా అన్న సందేహాన్ని ఆ పిల్ల ఎవరిని అడగాలి? తండ్రిని అడగలేదు, మసీదుకు వెళ్ళి అడగలేదు. తల్లికీ తెలియదు. ఫాతిమా బిన్త్ అబీ హుబైష్ (రజి) ఆగని రక్తస్రావంతో బాధపడుతూ ప్రవక్త (స) వద్దకే వెళ్ళి, నమాజు మానేయాలా అని సూటిగా అడిగారు. అది నెలసరి కాదని, నరం నుండి వచ్చే రక్తమని ఆయన జవాబిచ్చారు. బుఖారీలో నమోదైన ఈ సంఘటన మన ఆలిములకు కంఠస్థం. పధ్నాలుగు శతాబ్దాల కింద ఒక స్త్రీ సిగ్గుపడకుండా అడిగిన ప్రశ్నను నేటి కూతురు సొంత తల్లిని కూడా అడగలేకపోతున్నది. స్త్రీల ఇజ్తిమాలలో ఆలిమాలు, వారి పక్కనే ఒక లేడీ డాక్టరు కూర్చుని ఈ మసలాను చెబితే ఎంతో మేలు. ముప్పై రోజాలూ పూర్తి కావాలని నెలసరిని వాయిదా వేసే మాత్రలను దుకాణంలో అడిగి కొని మింగే అలవాటు కూడా పెరుగుతున్నది. నెలసరి రోజుల్లో రోజా ఉండవద్దని, తర్వాత పూర్తి చేసుకోవచ్చని ధర్మమే చెబుతున్నప్పుడు, అసలే తేదీలు చెదిరిన పిల్లకు ఈ అదనపు గందరగోళం ఎందుకు? మెట్‌ఫార్మిన్ వాడేవారు సహరీ, ఇఫ్తార్ వేళలకు తగినట్లు మోతాదు మార్చమని షాబాన్‌లోనే డాక్టరును అడగాలి.

ఇక ప్రభుత్వం. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి చేసే షుగర్, రక్తపోటు పరీక్షల జాతీయ కార్యక్రమం 30 ఏళ్ళు దాటిన వారికి ఉద్దేశించినది. పంతొమ్మిదేళ్ళ పిల్ల ఆ ఫారంలో లేదు. పాఠశాలల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో నెలసరి క్రమం తప్పడం గురించి అడగవలసి ఉంది. ఆ బృందాలు ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వెళతాయి. మన పిల్లల్లో ఎంతోమంది గల్లీ ప్రైవేటు బడుల్లో, ఆడపిల్లల మదర్సాలలో ఉన్నారు. అక్కడికి ఎవరూ రారు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకే పనికి వస్తుంది. నెలనెలా మాత్రలు కొనే పిల్లకు ఆ కార్డుతో పని లేదు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్కులలో మంగళవారం నెలసరి సమస్యలను కూడా చూడాలన్న ఏర్పాటు ఉంది. దాన్ని బస్తీ దవాఖానాలన్నిటికీ, రోజూ అందేలా చేయాలని మేము కోరుతున్నాము. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల బాలికలకు ఏడాదికొకసారి బరువు, రక్తపోటు, షుగర్‌తో పాటు నెలసరి వివరాలు కూడా నమోదు చేసే ఆరోగ్య పుస్తకం ఇవ్వాలి. ఆ పుస్తకం పిల్ల చేతిలోనే ఉండాలి, నోటీసు బోర్డు మీద కాదు.

మేము వచ్చే నెల నుండి ఈ డిమాండ్లతో సంతకాలు సేకరిస్తాము. అంతవరకు ప్రతి ఇంటి తల్లీ చేయగల పని ఒకటుంది. గోడకు వేలాడే హిజ్రీ క్యాలెండరులో చంద్రోదయ తేదీ పక్కన కూతురి నెలసరి తేదీ చిన్న చుక్కతో గుర్తు పెట్టండి. ఆరు నెలల చుక్కలు చాలు, డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు మీ చేతిలో ఉంటుంది.