చదరంగపు గళ్ళలో మహాసంఖ్య

చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు అరువది నాలుగు గళ్ళూ నింపుమని రాజును కోరిన పండితుని కథ వినని విద్యార్థి ఉండడు. ఆ గింజల మొత్తం 18446744073709551615. కిలోకు 50,000 గింజలనుకొన్నా అది 36,000 కోట్ల టన్నులను మించుతుంది. ప్రకాశం బ్యారేజి కింది మాగాణి మాట అటుంచి, ప్రపంచమంతా ఏటా పండించే సుమారు 50 కోట్ల టన్నుల బియ్యాన్ని ఆరువందల ఏండ్లు కూడబెట్టినా ఆ బల్ల నిండదు.

ఈ సంఖ్యను తెలుగు పద్యంలో బంధించినవాడు పావులూరి మల్లన. జైనుడైన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించిన కవి ఆయనే. శశి అంటే 1, శరములంటే 5, వేదములంటే 4, గగనమంటే 0. ఇట్టి పదాలతో ఒకట్ల స్థానం మొదలుకొని అంకెలు చెప్పుకొంటూ పోతాడు. మనం కుడినుండి ఎడమకు పేర్చుకోవాలి. ఉర్దూ చదువరులకు ఈ నడక కొత్తది కాదు. లేఖకుడు ఒక పదం జారవిడిస్తే ఛందస్సు వెంటనే పట్టి ఇస్తుంది. ఇక్కడ కవిత్వం గణితానికి అలంకారం కాదు, కావలి.

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా తన అరబ్బీ గ్రంథంలో ఈ సంఖ్యనే గణించి చూపాడు. మన చతురంగమే పారశీకం మీదుగా అరబ్బీలో షత్రంజ్ అయినది. ఆట పేరు మారింది గాని మొత్తంలో ఒక్క అంకె కూడా మారలేదు. సంఖ్యకు మతం లేదు, మాతృభాష లేదు.

అయితే నేడు మనలో రెండు దురభ్యాసాలు కనిపిస్తున్నాయి. అన్నీ మన పూర్వులే చెప్పారని పొంగిపోవడం ఒకటి. గణితం ఆంగ్లంలో తప్ప ఒంటబట్టదని భయపడడం మరొకటి. రెండూ శ్రమను తప్పించుకొనే మార్గాలే. పూర్వులను గౌరవించడమంటే వారి లెక్కను మళ్ళీ చేసి చూడడం. 2ను వర్గం చేసి, వచ్చినదాన్ని మళ్ళీ వర్గం చేస్తూ, ఆరుమార్లు సాగితే అరువది నాలుగవ ఘాతం వస్తుంది. అందులో ఒకటి తీసివేస్తే చాలు. చివరి అంకె 5 కనుక ఇది 5చే భాగింపబడుతుంది. అంకెల మొత్తం 87 కనుక 3చే కూడా భాగింపబడుతుంది. పూర్తిగా విడదీస్తే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. వీనిలో చివరగా లొంగినవి 641, 6700417. వీని లబ్ధమే ప్రధాన సంఖ్య కావచ్చునని ఫెర్మా తలచగా, 1732లో ఆయిలర్ దానిని విడదీసి చూపాడు. అంతటి గణితవేత్త మాటనైనా పరీక్షించవలసినదే. నేటి కంప్యూటరు అరువది నాలుగు బిట్లలో వ్రాయగల గరిష్ఠ పూర్ణసంఖ్య కూడా ఇదే.

కళాశాల సంఘానికి నా మనవి ఒక్కటే. తెలుగు, ఉర్దూ, గణిత శాఖలు ఏడాదికొకసారైనా ఒకే గదిలో కూర్చొని ఇట్టి ఒక సమస్యను విద్యార్థులచే వారి వారి భాషలలో సాధింపజేయాలి. గ్రంథాలయంలో మల్లన గణితం, అల్ బిరూనీ గ్రంథం పక్కపక్కన ఉండాలి. విద్యార్థులారా! ఈ పత్రిక మూసేముందు ఒక కాగితం తీసుకొనండి. పైన నేను వ్రాసిన సంఖ్యను నమ్మకండి, గుణించి చూడండి.