గుచ్చగానే పలకాలంటే...

కంప్యూటర్ పాతదే అయినా బాగానే పనిచేస్తుంటుంది. కానీ విండోస్ 10కి మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత యంత్రాల్లో విండోస్ 11 ఎక్కదు. పైసా ఖర్చు లేకుండా లినక్స్ వేసుకుంటే ఆ కంప్యూటర్‌కి మళ్లీ ప్రాణం వస్తుంది. అంతా బాగానే ఉంటుంది... ప్రింటర్ తగిలించేదాకా!

రొద్దంలాంటి ఊళ్లో ఉండేవారికి ఇది చిన్న చిక్కేం కాదు. హిందూపురమో ధర్మవరమో వెళ్లి కొనితెచ్చిన పరికరం పలక్కపోతే మళ్లీ బస్సెక్కాలి. ఆ పూట పని పోయినట్టే. ‘విండోస్‌లో పనిచేస్తోంది కదా’ అని దుకాణదారు అంటే జవాబు ఉండదు. అందుకే కొనేముందే కాస్త తెలుసుకోవడం మేలు.

తగిలించగానే పనిచేయడాన్నే ‘ప్లగ్ అండ్ ప్లే’ అంటారు. 1995లో విండోస్ 95తో ఈ మాట ఇళ్లలోకి వచ్చింది. లినక్స్‌లో 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ వచ్చాక, ‘యూడెవ్’ అనే ఏర్పాటు తోడయ్యాక ఈ పని సులువైంది.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? గుమ్మంలోకి వచ్చిన కొత్త చుట్టం ఇంటిపేరు, పేరు చెప్పినట్టే, ప్రతి యూఎస్‌బీ పరికరమూ రెండు నంబర్లు చెబుతుంది. ఒకటి తయారీదారుది, రెండోది ఆ పరికరానిది. తాను ఏ తరగతికి చెందినదో కూడా చెబుతుంది. కెర్నెల్ వాటిని బట్టి సరిపోయే డ్రైవర్‌ని వెతికి తెస్తుంది. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్, చాలా వెబ్‌కెమెరాలు అందరూ ఒప్పుకున్న పద్ధతిలోనే పనిచేస్తాయి కాబట్టి పేచీ ఉండదు. తంటా అంతా వైఫై డాంగిల్స్, కొన్ని ప్రింటర్లు, స్కానర్లతోనే. వాటిలో కొన్నింటికి కంపెనీ ఇచ్చే ‘ఫర్మ్‌వేర్’ కూడా కావాలి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అలాంటి ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు.

పరికరం పలక్కపోతే ముందు తీగ మార్చి చూడాలి. ఛార్జింగ్‌కే తప్ప డేటాకు పనికిరాని తీగలు ఇళ్లలో బోలెడు. తర్వాత టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ అనే కమాండ్‌ని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. జాబితాలో పరికరం కనిపిస్తే తీగ, పోర్టు బాగున్నట్టే. లోపం డ్రైవర్‌దో ఫర్మ్‌వేర్‌దో అయి ఉంటుంది. అక్కడ కనిపించే నంబర్లతో ఇంటర్నెట్‌లో వెతికితే పరిష్కారం త్వరగా దొరుకుతుంది. పెట్టె మీద పేరును మాత్రం నమ్ముకోకూడదు. ఒకే మోడల్ పేరుతో లోపల వేర్వేరు చిప్‌లు ఉండొచ్చు.

ప్రింటర్ కొనేవారు ‘ఎయిర్‌ప్రింట్’ అని రాసి ఉందేమో చూసుకోవాలి. అలాంటివి సాధారణంగా విడిగా డ్రైవర్ లేకుండానే లినక్స్‌లో పనిచేస్తాయి. మరో ఉపాయం... లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే, హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే కంప్యూటర్‌ని దాంతో నడపొచ్చు. ఇంట్లో ఉన్న ప్రింటర్, వైఫై, కెమెరా పలుకుతున్నాయో లేదో ముందే తేలిపోతుంది.

తెలుగులో మెనూలు కనిపించే ‘స్వేచ్ఛ’ లినక్స్ ఎప్పుడో వచ్చింది. భాష అడ్డు అప్పుడే తొలగింది. ఇక పరికరాల సంగతంటారా, డబ్బు చెల్లించే ముందు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు, సగం తలనొప్పి తప్పుతుంది.