తీర్పుకు ముందు తీగ చూడండి

అర్ధసంవత్సర పరీక్షల ఫలితాలు ప్రకటించవలసిన ఉదయం మా మదరసా కార్యాలయంలోని కంప్యూటరు వెలగలేదు. మార్కుల పట్టికలన్నీ అందులోనే ఉన్నాయి. క్రితం సాయంత్రం ఆ గది ఊడ్చినవాడు పన్నెండేళ్ల విద్యార్థి. "ఏం నొక్కావు?" అని నలుగురి ఎదుట గద్దించాము. "హజ్రత్, నేను ఊడ్చానంతే. దాన్ని ముట్టుకోలేదు" అన్నాడు. మేము నమ్మలేదు.

మధ్యాహ్నం మరమ్మతు పని తెలిసిన మా పూర్వవిద్యార్థి ఒకరు వచ్చారు. బల్ల కిందికి వంగి, సి.పి.యు. వెనుక సగం ఊడివచ్చిన తీగను లోపలికి నెట్టారు. బటన్ నొక్కగానే ఫ్యాను తిరిగింది. చీపురు తగిలి ఊడిందో, రెండు రోజుల క్రితం బల్లను మేము జరిపినప్పుడే వదులైందో తెలియదు. విచారించకుండా నింద మోపరాదని ఏళ్ల తరబడి పాఠం చెప్పినది మేమే. గద్దించినది నలుగురి ఎదుట కనుక, క్షమాపణ కూడా ఆ నలుగురి ఎదుటే కోరాము.

ఆనాడు మేము నేర్చుకున్న క్రమం పాఠకుల ఇళ్లలోనూ ఉపయోగపడుతుంది.

ముందుగా, వెలగనిది కంప్యూటరా, తెరయా అన్నది తేల్చుకోవాలి. సి.పి.యు. దీపం వెలిగి, ఫ్యాను తిరుగుతూ, తెర మాత్రమే నల్లగా ఉంటే మానిటరు స్విచ్చినీ దాని తీగలనూ చూడాలి. ఏ అలికిడీ లేకపోతే గోడ నుండి మొదలుపెట్టాలి. అదే ప్లగ్గులో ఫోన్ చార్జరు పెట్టి చూస్తే కరెంటు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. నడుమ యు.పి.ఎస్. గానీ ఎక్స్‌టెన్షన్ బాక్సు గానీ ఉంటే దానిని తప్పించి నేరుగా గోడ ప్లగ్గుకు కలపాలి. యు.పి.ఎస్. బ్యాటరీ చెడి, కంప్యూటరుకు చెడ్డపేరు రావడం తరచు జరిగేదే.

ఆపై సి.పి.యు. వెనుక తీగను గట్టిగా నెట్టాలి. అక్కడి చిన్న స్విచ్చి నిలువు గీత వైపు నొక్కి ఉండాలి. సున్నా వైపు ఉంటే కరెంటు లోపలికి వెళ్లదు. కొన్ని పాత వాటికి 115, 230 అంకెలతో ఎర్రని మీట ఉంటుంది. మన దేశంలో అది 230 మీదనే ఉండాలి. పిల్లలు ఆడుకుంటూ 115కు జరిపితే, కరెంటు ఇచ్చిన మరుక్షణం లోపలి ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోవచ్చు.

ఇంకా వెలగకపోతే ప్లగ్గు పూర్తిగా తీసివేసి, పెన్‌డ్రైవ్, ప్రింటరు వంటివి విడదీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి, మళ్లీ కలిపి చూడాలి. మిగిలిన కరెంటు దిగిపోయి కొన్నిసార్లు కంప్యూటరు లేస్తుంది. ఫ్యాను తిరిగి బీప్ శబ్దాలు వస్తూ తెర రాకపోతే ర్యామ్ వదులైందేమో అనుమానించాలి. ప్లగ్గు తీసిన తరువాతనే మూత తెరచి, దానిని తీసి మళ్లీ గట్టిగా అమర్చాలి.

కాలిన వాసన వస్తే అక్కడితో ఆగాలి. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను ఇంటివారెవరూ విప్పరాదు. ప్లగ్గు తీసినా అందులో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండవచ్చు.

కంప్యూటరు వెలగనంత మాత్రాన ఫైళ్లు పోయినట్లు కాదు. అవి హార్డ్ డిస్కులో వేరుగా ఉంటాయి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు "మమ్మల్ని అడగకుండా ఫార్మాట్ చేయవద్దు" అని ముందే చెప్పండి. ముఖ్యమైన కాగితాల నకలు పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

ఇంట్లో ఏ వస్తువు చెడినా మొదటి చూపు పిల్లల మీదికే పోతుంది. ఆ చూపును ముందు తీగ మీదికి మళ్లించండి. ఊడిన తీగను నెట్టడానికి క్షణం చాలు. మేము గద్దించిన ఆ బాలుడు మునుపటిలా మా వద్దకు వచ్చి కూర్చోవడానికి నెల పట్టింది.